విరానీ కుటుంబానికి అంత ఆస్తి సాధ్యమేనా? ఉమ్మడి వ్యాపార కుటుంబాల లెక్కలు చూసిన అనుభవంతో

మీరు అడిగింది ఇది: 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' సీరియల్లో విరానీ కుటుంబానికి ముంబైలో అంత పెద్ద బంగళా, ఇంటినిండా జనం, ఒంటినిండా నగలు ఎలా సాధ్యం? నిజంగా ఏ వ్యాపార కుటుంబమైనా అలా బతికేదా? కాగితం మీద ఒక్క సంతకంతో ఆస్తంతా చేతులు మారిపోతుందా? అసలు ఆ ఆస్తిలో ఆ ఇంటి కోడలు తులసికి చట్టప్రకారం ఏం వస్తుంది?

ముందు సూటిగా జవాబు చెప్తాను. అంత డబ్బు ఉండటం నిజమే, ఆ డబ్బు అలా కనపడటం మాత్రం నిజం కాదు. విరానీల స్థాయి గుజరాతీ కుటుంబాలు ఆ రోజుల్లో ముంబైలో చాలానే ఉండేవి. వాళ్ల బంగారం సీరియల్లో చూపించిన దానికి తక్కువేమీ కాదు. కానీ వాళ్లు అలాంటి హాల్లో, అలాంటి చీరల్లో, అన్ని నగలతో రోజూ ఉండేవారు కాదు. సంతకంతో ఆస్తి మారిపోవడం చాలావరకు కల్పన. ఇక ఇంట్లో ఆడవాళ్ల చేతిలో తాళాలు ఉంటాయి కానీ వాళ్ల పేరున కాగితం ఉండదు అన్నది ఆ సీరియల్ చూపించిన విషయాలన్నిటిలోకీ నిజానికి దగ్గరగా ఉన్నది. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. 1996లో ముంబై కాల్బాదేవిలో ఒక ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్స్‌కి, అంటే సీఏ శిక్షణకి, చేరాను. ఆ తర్వాత పదిహేనేళ్లు అక్కడే. మా క్లయింట్లలో సగం మంది గుజరాతీ బట్టల వ్యాపారులు, మూల్జీ జేఠా మార్కెట్‌లో గద్దీలు, అంటే దుకాణాలు, ఉన్నవాళ్లు. భివండీ నుంచి వాళ్లకు బట్ట వచ్చేది. అక్కడి మరమగ్గాల మీద కరీంనగర్, నల్గొండ నుంచి వెళ్లిన మన పద్మశాలీలు వేలమంది పనిచేసేవారు. ఇప్పుడు విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడ వన్‌టౌన్ హోల్‌సేల్ కుటుంబాల పద్దులు చూస్తాను. ఊరు మారింది గానీ ఉమ్మడి వ్యాపారం నడిచే తీరు పెద్దగా మారలేదు.

సీరియల్ 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో మొదలై 2008 నవంబర్ 6 దాకా, 1,833 ఎపిసోడ్లు నడిచింది. కాబట్టి లెక్కలన్నీ 2000 నాటి ధరల్లోనే చూద్దాం.

ఇంటి ఖర్చు

విరానీల ఇంట్లో పెద్దవాళ్లు గోవర్ధన్, అంబా. అందరూ 'బా' అని పిలిచే ఆవిడే అంబా. వాళ్లకు ముగ్గురు కొడుకులు మన్‌సుఖ్, హిమ్మత్, జమ్నాదాస్. కోడళ్లు సవిత, దక్ష, గాయత్రి. వాళ్ల పిల్లలు, పిల్లల భార్యలు, మనవలు. ఒకే వంటగదిలో పదిహేను, ఇరవైమంది తినే ఇల్లు అది.

ఇలాంటి ఇంటి ఖర్చు నాకు బాగా తెలుసు. 1999-2000లో నేను పద్దులు చూసిన ఒక కుటుంబంలో పదిహేడుమంది. వంటకు ఒక మహారాజ్ ఉండేవాడు. గుజరాతీ ఇళ్లలో వంట బ్రాహ్మణుణ్ణి అలాగే పిలుస్తారు. పైపనికి ఇద్దరు, రెండు కార్లు, ఒక డ్రైవరు. కిరాణా, పాలు, కరెంటు, బడి ఫీజులు, డాక్టరు, జీతాలు అన్నీ కలిపి నెలకు లక్షన్నర లోపే. ఏడాదికి పద్దెనిమిది లక్షలు. పండగలు, చుట్టాల పెళ్లిళ్లకు పెట్టే కానుకలు, తీర్థయాత్రలు, పిల్లల పైచదువులు కలిపితే ముప్ఫై లక్షలు అనుకోండి.

ఆ ముప్ఫై లక్షలు తేవాలంటే వ్యాపారం ఎంత ఉండాలి? పాతకాలపు వ్యాపార కుటుంబాలు లాభంలో సగానికి మించి ఇంటికి తీసుకెళ్లవు. మిగతా సగం వ్యాపారంలోనే తిరగాలి. అంటే పన్ను కట్టాక అరవై లక్షలు మిగలాలి. అప్పట్లో భాగస్వామ్య సంస్థల లాభం మీద పన్ను 35 శాతం, పైన సర్‌చార్జీ. దాని ప్రకారం పన్నుకు ముందు లాభం కోటి రూపాయల దగ్గర ఉండాలి. తయారీ వ్యాపారమై నూటికి అయిదు మిగిలితే అమ్మకాలు ఇరవై కోట్లు కావాలి. కేవలం కొని అమ్మే బట్టల వ్యాపారమైతే నూటికి రెండున్నర మిగలడం కూడా కష్టం, అప్పుడు నలభై కోట్లు.

2000లో ముంబైలో ఇరవై, నలభై కోట్ల టర్నోవర్ ఉన్న కుటుంబం అంటే మంచి స్థితిపరులే, కానీ ఊళ్లో గొప్పగా చెప్పుకునేంత పెద్దవాళ్లు కాదు. కాల్బాదేవిలో ఒక్కో వీధిలో అలాంటివాళ్లు ఉండేవారు. విరానీ ఇండస్ట్రీస్ అంతకంటే పెద్ద సంస్థలాగే కనిపిస్తుంది. కాబట్టి అన్నం పెట్టే ఖర్చు, కార్లు, నౌకర్ల దగ్గర సీరియల్ అబద్ధం ఆడలేదు. ఒక మాట మాత్రం చెప్పాలి. ఉమ్మడి ఇంట్లో మనిషికయ్యే ఖర్చు చాలా తక్కువ. ఆ పదిహేడుమంది నాలుగు వేరు కాపురాలు పెట్టాక, రెండేళ్లకు అదే నాలుగు ఇళ్ల ఖర్చు కలిపి చూస్తే రెండింతలు దాటింది. ఉమ్మడి విడిపోకుండా పట్టి ఉంచే శక్తుల్లో ప్రేమ ఎంతో, ఈ లెక్క కూడా అంతే.

ఇల్లు

ఇబ్బంది ఇక్కడే. 'శాంతినికేతన్' అంటే పెద్ద హాలు, రెండువైపులా మెట్లు, పైన వరుసగా గదులు. ముంబైలో సొంత స్థలంలో అలాంటి బంగళా ఉండాలంటే ఇరవై కోట్ల వ్యాపారం కాదు, రెండొందల కోట్ల వ్యాపారమున్నా కొనడానికి జంకుతారు. వ్యాపారం తెలిసినవాడు అంత సొమ్మును నివాసంలో ఇరికించడు.

అయితే ఇల్లు ఉండటం వేరు, ఇల్లు కొనగలగడం వేరు. పెద్దాయన తరంలో, నగరం శివార్లు ఇంకా తోటలుగా ఉన్నప్పుడు కొని ఉంటే అది ఈనాటి సంపాదనతో సంబంధం లేని ఆస్తి. నాకు తెలిసిన ఒక కుటుంబానికి విలే పార్లేలో అలా పాత ఇల్లు ఉండేది. తాతగారు కొన్నది. వాళ్ల వార్షిక ఆదాయంతో ఆ ఇంటి వంటగది కూడా కొనలేరు. అయినా ఆ ఇంట్లోనే ఉండేవారు.

దానికి ఇంకో అడ్డు ఉంది. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. ముంబైలో ఒకరికి 500 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదు అంది. ఇంటిని ఆనుకుని వదిలే జాగాకు వేరే లెక్క ఉంది గానీ, పెద్ద తోట, లాన్ ఉన్న బంగళా ఉన్నవాళ్లందరికీ ఆ చట్టం తలనొప్పే. కేంద్రం 1999లో రద్దు చేసినా మహారాష్ట్ర 2007 దాకా వదల్లేదు. సీరియల్ నడిచిన కాలమంతా దాదాపు ఆ చట్టం కింద నడిచినట్టే. (మన హైదరాబాద్‌కు ఆ పరిమితి 1,000 చదరపు మీటర్లు ఉండేది.)

మరి నిజంగా వాళ్లు ఎక్కడ ఉండేవారు? రెండు రకాలు చూశాను. ఒకటి, భులేశ్వర్, కాల్బాదేవి లాంటి పాత పేటల్లో 'పగడీ' ఇళ్లు. మొదట్లో ఒక మొత్తం ఇచ్చి చేరతారు, ఆ తర్వాత నెలకు రెండు మూడొందల అద్దె, తరతరాలు అక్కడే. 1947 నాటి అద్దె చట్టం వల్ల అద్దె పెంచడం, ఖాళీ చేయించడం చాలా కష్టంగా ఉండేది. కోట్ల వ్యాపారం చేసేవాళ్లు చెక్కమెట్లు ఎక్కి మూడో అంతస్తులో నాలుగు గదుల్లో పన్నెండుమంది సర్దుకుని ఉండటం నేను కళ్లారా చూశాను. మొదటిసారి వెళ్లినప్పుడు అడ్రసు తప్పు రాసుకున్నానేమో అనుకుని కిందికి దిగి, పాన్ కొట్టు అతణ్ణి మళ్లీ అడిగి ఎక్కాను.

రెండో రకం, ఒకే బిల్డింగులో అంతస్తుకొక కాపురం. పెద్ద కుటుంబాలకు ముంబై కనిపెట్టుకున్న దారి ఇది. అందరికీ తెలిసిన ఉదాహరణ ధీరూభాయ్ అంబానీ కుటుంబం. భులేశ్వర్‌లో ఒక చాల్‌లో (ఇరుకు గదుల వరుస ఇళ్లు) మొదలుపెట్టి, తర్వాత కఫ్ పరేడ్‌లోని 'సీ విండ్' అనే పద్నాలుగు అంతస్తుల భవనంలో అందరూ కలిసి ఉన్నారు. అంత ధనవంతులు కూడా ఒక హాల్లోకి దిగే మెట్లతో ఉమ్మడిగా లేరు, లిఫ్టుతో ఉన్నారు. సీరియల్‌కి హాలు ఎందుకు కావాలో అర్థం చేసుకోవచ్చు. పదిహేనుమంది ముఖాలు ఒకేసారి చూపించాలి. అంతస్తుకొకరు ఉంటే కథ నడవదు.

నగలు

చాలామంది నమ్మలేనంటున్నది ఇదే. నేను నమ్ముతాను. ఎందుకో లెక్క చూడండి.

ఆదాయపు పన్ను శాఖ 1994 మే 11న తన అధికారులకు ఒక ఆదేశం ఇచ్చింది. సోదాలకు వెళ్లినప్పుడు పెళ్లయిన స్త్రీ దగ్గర 500 గ్రాములు, పెళ్లికాని అమ్మాయి దగ్గర 250, మగవారి దగ్గర 100 గ్రాముల వరకు నగలు స్వాధీనం చేసుకోవద్దని. అంతవరకు పన్ను లేదని దాని అర్థం కాదు, పట్టుకుపోవద్దని మాత్రమే. కానీ మామూలు కుటుంబాల్లో అంత బంగారం ఉండటం సహజమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. విరానీల లాంటి ఇంట్లో పెళ్లయిన ఆడవాళ్లు ఎనిమిదిమంది, అమ్మాయిలు ముగ్గురు, మగవాళ్లు ఎనిమిదిమంది ఉన్నారనుకుంటే మొత్తం 5,550 గ్రాములు. 2000లో పది గ్రాముల బంగారం దాదాపు 4,400 రూపాయలు. అంటే దాదాపు ఇరవై నాలుగున్నర లక్షలు. కోటి రూపాయల లాభం తెచ్చే కుటుంబానికి, మూడు తరాల పెళ్లిళ్లకు చేయించిన నగలకు అది పెద్ద మొత్తం కాదు. (ఇప్పుడు పది గ్రాములు లక్ష దాటింది కాబట్టి అదే బంగారం అయిదున్నర కోట్ల పైమాటే. ఈనాటి ధర మనసులో పెట్టుకుని ఆనాటి నగలు చూస్తే నమ్మకం కలగకపోవడం సహజం.)

వజ్రాలు వేరే లెక్క. సీరియల్లో వాటిని లెక్కలేకుండా వాడారు.

నమ్మశక్యం కానిది నగలు ఉండటం కాదు, పొద్దున్నే వంటింట్లో పెట్టుకుని తిరగడం. నేను చూసిన ఇళ్లలో రోజూ ఒంటిమీద ఉండేవి మంగళసూత్రం, చేతికి రెండేసి సన్నగాజులు, చెవులకు చిన్న వజ్రపు దిద్దులు, ముక్కుపుడక. అంతే. మిగతావన్నీ బ్యాంకు లాకర్లో. పెళ్లికి శుక్రవారం తెచ్చుకుంటే సోమవారం బ్యాంకు తెరవగానే తిరిగి పెట్టేసేవారు.

ఆ నగల జాబితా రాసే పని నాకు పడింది. అప్పట్లో సంపద పన్ను ఉండేది. మార్చి 31 నాటికి ఒకరి దగ్గర నగలు, కార్లు, ఖాళీ స్థలాల్లాంటివి పదిహేను లక్షలు దాటితే దాటినదాని మీద ఒక శాతం. 2015లో తీసేశారు. 1998 ఏప్రిల్‌లో మా సార్ నన్ను పిలిచి, "నగలు చూడాలి, ఆడవాళ్లు మగపిల్లల ముందు పెట్టెలు తెరవరు, నువ్వు వెళ్లమ్మా" అన్నారు. వెళ్లాను. పెద్దకోడలు, అందరూ మోటాభాభీ అనేవారు, నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి నేలమీద తెల్లటి దుప్పటి పరిచింది. ఆ రోజుకని లాకర్లోంచి తెప్పించిన పెట్టెలన్నీ దానిమీద పేర్చింది. ఒక్కో పెట్టె మూతకు లోపలివైపు చిన్న కాగితం ముక్క అతికించి ఉంది. దానిమీద గుజరాతీలో అత్తగారి చేతిరాత: ఎవరిది, ఎవరు పెట్టారు, ఎప్పుడు. తూకం వేసే ఆయన చిన్న త్రాసులో ఒక్కో నగ పెట్టి గ్రాములు, మిల్లీగ్రాములు చెప్తుంటే నేను రాసుకున్నాను. మధ్యలో చిన్నకోడలు ఒక హారం చేతిలోకి తీసుకుని, "ఇది మా అమ్మ పెట్టింది, ఇది ఇంటిది కాదు" అంది. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. నేను ఆ మాట కూడా పక్కన రాసుకున్నాను.

సంతకం పెడితే ఆస్తి పోతుందా?

సీరియల్లో ఎవరో ఒకరు మోసపోయి సంతకం పెడతారు, మర్నాటికి కుటుంబమంతా రోడ్డు మీద. నిజంగా అలా జరగదు.

ఇల్లు చేతులు మారాలంటే దస్తావేజు రిజిస్టర్ కావాలి, సబ్ రిజిస్ట్రార్ ముందు హాజరు కావాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి. దానపత్రమైతే ఇద్దరు సాక్షులు ఉండాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే కర్తకు, అంటే ఆ ఆస్తి వ్యవహారాలు చూసే ఇంటిపెద్దకు కూడా ఇష్టమొచ్చినట్టు అమ్మే హక్కు లేదు. కుటుంబ అవసరానికో, కుటుంబ మేలుకో, విధిగా చేయాల్సిన ధర్మకార్యానికో అయితేనే అమ్మాలి. కాకపోతే మిగతా వాటాదారులు కోర్టుకెళ్లి ఆ అమ్మకాన్ని సవాలు చేయవచ్చు. కంపెనీ వాటాలు మారాలంటే అప్పట్లో బదిలీ ఫారం, స్టాంపు, వాటా పత్రం కావాలి, ఆపైన బోర్డు ఒప్పుకోవాలి. కుటుంబ ప్రైవేటు కంపెనీల నియమావళిలో ఈ బదిలీని తిరస్కరించే హక్కు డైరెక్టర్లకు దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

అయితే మోసాలు జరగవని అనుకోవద్దు. జరిగే పద్ధతి వేరు, చాలా నెమ్మదిగా జరుగుతుంది. 1956 కంపెనీల చట్టంలో కొత్త వాటాలు ముందుగా పాత వాటాదారులకే ఇవ్వాలన్న నిబంధన ప్రైవేటు కంపెనీలకు వర్తించేది కాదు. అంటే బోర్డు చేతిలో ఉన్నవాళ్లు కొత్త వాటాలు తమవాళ్లకే రాసుకుని మూడోవంతు వాటా ఉన్నవాణ్ణి పదోవంతుకు దించవచ్చు. అతను ఒక్క సంతకం పెట్టక్కర్లేదు. అలా జరిగిన ఒక కుటుంబం ఫైలు నేను చూశాను. ఇద్దరు అన్నలు, చనిపోయిన తమ్ముడి భార్య. ఆమెకు వాటా తగ్గిన సంగతి నాలుగేళ్లకు తెలిసింది, అదీ కొడుకు చదువు అప్పుకి బ్యాంకువాళ్లు కాగితాలు అడిగితే. అప్పట్లో కంపెనీ తగాదాలు విచారించే కంపెనీ లా బోర్డుకు వెళ్లింది, చివరికి రాజీ అయ్యింది. 2013 చట్టం వచ్చాక ఆ నిబంధన ప్రైవేటు కంపెనీలకు కూడా వర్తిస్తోంది. ఎంతోమంది ఆడవాళ్లకు మేలు చేసిన మార్పు ఇది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పెద్దాయన వీలునామా రాయకుండా పోతే గొడవలు రావడం మాత్రం సీరియల్లో చూపినంత నిజం. ధీరూభాయ్ అంబానీ 2002 జులై 6న వీలునామా లేకుండా చనిపోయారు. కొడుకుల మధ్య విభేదాలు 2004 చివర్లో బయటపడ్డాయి. 2005 జూన్ 18న తల్లి కోకిలాబెన్ పంపకం ప్రకటించారు. అంత పెద్ద సామ్రాజ్యాన్ని చివరికి తల్లి మాట మీద పంచుకున్నారంటే, ఇంట్లో బా మాటకు విలువ ఉండటం కట్టుకథ కాదు.

తులసికి ఏం వస్తుంది?

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. తులసి పూజారి కూతురు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది తక్కువ. విరానీ ఇంటికి కోడలు. తాళాలు ఆమె దగ్గరే, నిర్ణయాలు ఆమెవే, సీరియల్లో ఇంటికి దిక్కు ఆమే. కాగితం మీద చూస్తే?

ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతో హక్కు ఉన్నవారిని వాటాదారులంటారు. పాత హిందూ చట్టంలో కొడుకులే. కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చిన తొలి రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. మహారాష్ట్ర 1994లో తెచ్చింది, కేంద్రం 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటికీ వర్తింపజేసింది. కాబట్టి ఆనాటి ముంబైలో విరానీల ఇంటి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది. కోడలికి లేదు. ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. ఆమె ఉమ్మడి కుటుంబంలో సభ్యురాలు, పోషణ పొందే హక్కు ఉంది, అంతే. ఆమె కర్త కూడా కాలేదు. వాటాదారు కానిది కర్త కాలేదని సుప్రీంకోర్టు 1965లోనే ఒక వితంతువు విషయంలో తేల్చింది. 2015లో ఢిల్లీ హైకోర్టు ఇంటి పెద్ద కూతురు కర్త కావచ్చని చెప్పింది. అదీ కూతురు గురించే, కోడలి గురించి కాదు.

ఒక మేలు ఉంది. తండ్రీకొడుకులు పంచుకునేటప్పుడు ఆ తండ్రి భార్యకు కొడుకుతో సమానంగా వాటా ఇవ్వాలన్నది పశ్చిమ భారతంలో ఇంకా నిలిచి ఉన్న సూత్రం. మన దక్షిణాదిలో అది ఎప్పుడో ఆచరణలోంచి పోయింది. కాబట్టి తులసి భర్త మిహిర్, అతని కొడుకులు పంచుకుంటే ముంబైలో తులసికి ఒక వాటా వస్తుంది. అదే కథ తెనాలిలో జరిగి ఉంటే రాదు. నేను ముంబై నుంచి విజయవాడ వచ్చాక నన్ను ఎక్కువ బాధపెట్టిన తేడా ఇది. ఇక్కడ పంపకం కాగితాల్లో తల్లి పేరు 'జీవితాంతం పోషించాలి' అన్న వాక్యంలో మాత్రమే కనపడుతుంది.

సీరియల్లో మిహిర్ చనిపోయాడని అందరూ నమ్మిన రోజులున్నాయి. ఆ సమయంలో నిజంగా లెక్క వేస్తే, ఉమ్మడి ఆస్తిలో మిహిర్‌కి వచ్చే వాటా 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్య తులసికి, పిల్లలకు, తల్లి సవితకు సమానంగా వస్తుంది. అత్తా కోడలూ ఒకే వరుసలో, చెరో సమాన భాగం. అన్ని ఎపిసోడ్లపాటు పోట్లాడుకున్న ఇద్దర్నీ చట్టం ఒకే మెట్టు మీద కూర్చోబెట్టింది. అయితే ఆ తేలికపాటి పంపకం ఏ కుటుంబంలోనూ వెంటనే జరగదు. పదకొండో రోజున ఎవరో ఒక పెద్దమనిషి హక్కు విడుదల పత్రం (తన వాటా వదులుకుంటున్నట్టు రాసే కాగితం) తెస్తాడు, 'ఇదంతా ఇంట్లోదే కదా, పన్ను కోసం' అంటాడు. సంతకం పెట్టించే దృశ్యం నిజ జీవితంలో ఇదొక్కటే, భర్త పోయిన దుఃఖంలో ఉన్న కోడలి ముందు. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేది ఒకటే, ఆ పదకొండు రోజుల్లో ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. అత్తమామలు ప్రేమతో కోడలి పేరున ఏదైనా ఉచితంగా రాసిచ్చినా, దానిమీద వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవాళ్ల ఆదాయంలోనే కలపాలని ఆదాయపు పన్ను చట్టం చెప్తుంది. 'దాని పేరున పెడితే మనకేం లాభం' అని కోడలి పేరున ఏమీ పెట్టకపోవడానికి నేను విన్న కారణాల్లో ఇది మొదటిది. పన్ను తగ్గకపోయినా ఆస్తి మాత్రం ఆమెదవుతుంది కదా అని వాదించి రెండు మూడు ఇళ్లలో ఒప్పించగలిగాను. ఎక్కువ ఇళ్లలో ఒప్పించలేకపోయాను.

చివరికి తులసి సొంతం అని గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: స్త్రీధనం. పెళ్లికి ముందు, పెళ్లిలో, తర్వాత ఆమెకు పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఇచ్చిన నగలు, వస్తువులు, డబ్బు. అవి భర్త దగ్గరున్నా, అత్తగారి బీరువాలో ఉన్నా ఆమెవే, అడిగితే తిరిగి ఇవ్వాల్సిందే అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. మన పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలానికీ అదే బలం, కానీ పొలమైతే రిజిస్టరు చేయించి ఉండాలి.

హక్కు ఉంది సరే, ఏది ఎవరిదో రుజువేది? రసీదులు ఉండవు. పాత నగలు కరిగించి కొత్తవి చేయిస్తారు. లాకరు అత్తగారి పేరున ఉంటుంది, లేదా అత్తాకోడళ్ల ఉమ్మడి పేర్లతో ఉంటుంది.

నేను పైన చెప్పిన ఆ మోటాభాభీ ఇల్లు 2006లో విడిపోయింది. వ్యాపారం పంపకం మూడు నెలల్లో తేలింది, నగల దగ్గర ఏడాది ఆగిపోయింది. అప్పటికి అత్తగారు లేరు. చిన్నకోడలు ఆ హారం తన తల్లి పెట్టిందంటుంది, మిగతావాళ్లు ఇంటిదంటారు. ఒకరోజు ఆమె మా ఆఫీసుకు వచ్చి, "బేన్, ఆ రోజు మీరు రాసుకున్నారు కదా" అని అడిగింది. పాత ఫైళ్లు గోదాములో ఉన్నాయి. రెండు రోజులు వెతికితే దొరికింది. 1998 మార్చి 31 నాటి జాబితా, నాలుగో పేజీ, 62 గ్రాముల హారం, పక్కన నా చేతిరాతలో 'తల్లి ఇచ్చినది'. పెట్టె మూత లోపల అత్తగారి కాగితం ముక్క మీద కూడా అదే ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాక మోటాభాభీయే లేచి ఆ పెట్టె తీసి ఆమె చేతికిచ్చింది.